సముద్రం మీద సామాన్యులు – 6: బొగ్గు ఓడ కళాసీ

గత భాగంలో లండన్ నగరం కట్టెపొయ్యి వదిలి బొగ్గుపొయ్యికి ఎలా మళ్లిందో చూశాం. జనం పెరిగారు, చుట్టుపక్కల అడవులు తరిగాయి, కట్టెల ధర పేదవాడికి అందకుండా పోయింది. అప్పుడు ఇంగ్లండ్ ఈశాన్య తీరాన, టైన్ నది పరిసరాల్లో తవ్విన బొగ్గు ఓడలెక్కి వచ్చి నగరాన్ని ఆదుకుంది. 1600లో మొదటి ఎలిజబెత్ రాణి ఇచ్చిన సన్నదుతో న్యూకాజిల్‌లోని ‘హోస్ట్‌మెన్’ అనే వర్తక సంఘం ఆ బొగ్గు అమ్మకాన్నంతా గుప్పిట పెట్టుకోవడంతో ఆ భాగం ముగిసింది.

1600 ప్రాంతంలో రెండు లక్షలున్న లండన్ జనాభా 1700 నాటికి ఐదు లక్షలు దాటింది. ఇంతమంది వంటకు, చలికాలపు వెచ్చదనానికి, బీరు తయారీకి, సబ్బు, గాజు, ఇటుక బట్టీలకు ఏటా 4 లక్షల టన్నులకు పైగా బొగ్గు కావలసి వచ్చేది. దాదాపు అదంతా టైన్, వేర్ నదుల రేవుల నుంచి సముద్రం మీదే రావాలి. రైళ్లు ఇంకా పుట్టలేదు. అంత బరువును 400 కిలోమీటర్లకు పైగా గుర్రపు బండ్ల మీద లాగించడం ఎవరి తరమూ కాదు.

ఓడలు ఆగితే ఏమవుతుందో రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధ కాలంలో లండన్‌కు తెలిసొచ్చింది. న్యూకాజిల్ రాజు పక్షాన నిలిచింది. అందుకని 1643లో పార్లమెంటు ఆ ఊరితో వర్తకాన్ని నిషేధించింది. దాంతో పార్లమెంటు పక్షాన ఉన్న లండనే చలికి వణికింది. నగరం చుట్టూ ఉన్న చెట్లు నరికించి పొయ్యిల్లోకి పంచవలసి వచ్చింది. 1644 అక్టోబరులో స్కాట్లండ్ సైన్యం న్యూకాజిల్‌ను పట్టుకున్నాకే బొగ్గు మళ్లీ కదిలింది.

గనుల యజమానుల పేర్లు, వర్తకుల పేర్లు చరిత్రలో బోలెడు. ఆ బొగ్గును ఉత్తర సముద్రం మీద మోసుకొచ్చిన కళాసీ పేరు చాలా తక్కువచోట్ల కనిపిస్తుంది. ఈ భాగం అతనిది.

నది మీద పగలు

బొగ్గు ముందు ఓడ దాకా రావాలి. గని నుంచి నది గట్టు వరకు చెక్క పట్టాల మీద గుర్రాలు బళ్లు లాగేవి. గట్టు దగ్గర నీళ్లు లోతు తక్కువ. న్యూకాజిల్ వంతెన కమానుల కింద నుంచి పెద్ద ఓడలు పోలేవు. అందుకని ఓడలు నది ముఖద్వారం వైపు షీల్డ్స్ దగ్గర లంగరు వేసుకుంటే, ‘కీల్’ అనే వెడల్పాటి పడవలు బొగ్గును అక్కడికి చేరవేసేవి. ఒక్కో కీల్‌లో సుమారు 21 టన్నులు. ఒక సరంగు, ఇద్దరు మనుషులు, ఒక కుర్రాడు, ఇదీ పడవ జట్టు. పడవను ఓడ పక్కన నిలిపి, తలకంటే ఎత్తున ఉన్న ఓడ కంతలోకి పారలతో బొగ్గు విసిరేవాళ్లు. మూడు వందల టన్నుల ఓడ నిండాలంటే పద్నాలుగు పదిహేను కీల్‌ల బొగ్గు ఇలాగే ఎక్కాలి.

ఈ కీల్ జనం ఎక్కువగా న్యూకాజిల్ కోట గోడ బయట శాండ్‌గేట్ వాడలో ఉండేవారు. ముసలితనంలో, జబ్బులో ఆదుకునే దిక్కు లేక, తమ కూలిలోంచే తలా కొంత తీసి 1701లో సొంత ఆశ్రయం కట్టుకున్నారు. ఆ భవనం పేరు ‘కీల్‌మెన్స్ హాస్పిటల్’. కూలి తగ్గించినా, పడవలో కొలతకు మించి బొగ్గు నింపించినా వాళ్లు పని ఆపేవారు. వాళ్లు ఆపితే ఓడల మీద కళాసీలు కూడా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

నది మీద మరో పగ ఉంది. టైన్ నది మొత్తం తమదేనని న్యూకాజిల్ నగరపాలకుల వాదన. ముఖద్వారంలో ఉన్న షీల్డ్స్‌లో సరుకు దించకూడదు, ఓడలకు రొట్టె, బీరు అమ్మకూడదు, అన్నీ న్యూకాజిల్ నుంచే రావాలి అని పట్టుబట్టేవారు. ఎదురుగాలిలో ఓడలు ఇరుకు నదిలో పైకి వెళ్లి ఇసుకలో కూరుకుపోయినా వాళ్లకు పట్టలేదు. నార్త్ షీల్డ్స్ పక్కనే ఉన్న చర్టన్‌లో బీరు కాచే రాల్ఫ్ గార్డ్‌నర్ ఈ పెత్తనాన్ని ఎదిరించాడు. జైలుపాలయ్యాడు. 1655లో న్యూకాజిల్ అన్యాయాలన్నిటినీ ఏకరువు పెడుతూ పుస్తకం అచ్చువేసి అప్పటి పాలకుడు క్రామ్‌వెల్‌కు మొరపెట్టుకున్నాడు. అప్పటికి ఫలితం దక్కలేదు కానీ, షీల్డ్స్ జనం ఆ పోరాటాన్ని తరతరాలుగా గుర్తుంచుకున్నారు.

కుర్రాడు ఓడెక్కడం

కళాసీ జీవితం సాధారణంగా పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య మొదలయ్యేది. ఓడ యజమానితోనో కెప్టెన్‌తోనో ఒప్పందం రాసుకుని కొన్నేళ్లపాటు శిష్యరికం. తిండి, బట్ట, పడక యజమానివి. పని కుర్రాడిది. జీతం నామమాత్రం. యజమానులకు ఇది లాభసాటి ఏర్పాటు కాబట్టి బొగ్గు ఓడల్లో శిష్యులు ఎక్కువగా ఉండేవారు. పూర్తి జీతం తీసుకునే అనుభవజ్ఞులు కొందరే.

ఈ బడిలో చదివినవాళ్లలో ప్రపంచానికంతటికీ తెలిసినవాడు జేమ్స్ కుక్. 1728లో యార్క్‌షైర్‌లో వ్యవసాయ కూలీ ఇంట పుట్టాడు. 1746లో విట్బీ రేవులో జాన్ వాకర్ అనే క్వేకర్ ఓడ యజమాని దగ్గర మూడేళ్ల శిష్యరికానికి చేరాడు. ‘ఫ్రీలవ్’ అనే బొగ్గు ఓడ మీద టైన్ నుంచి థేమ్స్‌కు తిరిగాడు. చలికాలంలో ఓడలు రేవులో కట్టేసి ఉన్నప్పుడు యజమాని ఇంట్లోనే ఉండి లెక్కలు, నౌకాయానం నేర్చుకున్నాడు. శిష్యరికానికి చేరిన తొమ్మిదేళ్లకు అతనికి సొంతంగా ఓడ నడిపే అవకాశం వచ్చింది. దాన్ని కాదని 1755లో రాచ నౌకాదళంలో మామూలు నావికుడిగా చేరాడు.

1768లో పసిఫిక్ మహాసముద్రానికి బయలుదేరినప్పుడు అతని కింద ఉన్న ‘ఎండీవర్’ ఒకప్పటి విట్బీ బొగ్గు ఓడే. 1764లో ‘ఎర్ల్ ఆఫ్ పెంబ్రోక్’ పేరుతో నీళ్లలోకి దిగిన 368 టన్నుల ఓడ అది. మొద్దు ముక్కు, వెడల్పాటి పొట్ట, చదునైన అడుగు. అందం లేదు, వేగం లేదు. కానీ సరుకు ఎక్కువ పడుతుంది, పోటు తగ్గినప్పుడు ఒరిగిపోకుండా నేల మీద నిలబడుతుంది. 1770లో ఆస్ట్రేలియా పగడపు దిబ్బల మీద ‘ఎండీవర్’ చీలిపోయినప్పుడు దాన్ని నది ఒడ్డుకు ఎక్కించి బాగుచేసుకోగలిగింది ఆ చదునైన అడుగు వల్లే. బొగ్గు ఓడలకు ఆ ఆకారం ఎందుకంటే, తూర్పు తీరంలో చాలాచోట్ల లోతైన రేవులు లేవు. ఓడను ఇసుక మీదే కూర్చోబెట్టి సరుకు దించాలి.

ఓడ మీద ఒక ప్రయాణం

టైన్ నుంచి థేమ్స్‌కు సముద్రం మీద సుమారు 300 నాటికల్ మైళ్లు. అనుకూలమైన గాలి దొరికితే కొద్దిరోజుల పని. ఎదురుగాలి పడితే వారాలు. షీల్డ్స్ దగ్గర గాలి కోసం కాచుకున్న ఓడలు గాలి తిరగ్గానే ఒక్కసారిగా వందల సంఖ్యలో కదిలేవి. ముందు లండన్ చేరిన ఓడకు మంచి ధర. వెనకబడ్డవాడు చేరేసరికి రేవంతా బొగ్గే. అందుకే కెప్టెన్లు పందెం వేసుకున్నట్టు తెరచాపలు విప్పేవారు. ఆ తొందరలో చీకట్లో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకునేవి.

ఓడలో మనుషులు తక్కువ. ఆ కొద్దిమందే బరువైన లంగరును చేతులతో లాగాలి, తెరచాపలు ఎక్కి చుట్టాలి, ఊరే నీటిని పంపులతో తోడాలి. తీరం వెంబడి ప్రయాణం కాబట్టి పోటు అనుకూలంగా ఉన్నంతసేపు సాగడం, ఎదురు తిరగ్గానే లంగరు వేయడం, మళ్లీ ఎత్తడం. మహాసముద్రంలో నెలలపాటు లంగరు ముట్టని ఓడలుంటాయి. బొగ్గు ఓడలో ఒక్కరోజులోనే రెండుమూడుసార్లు ఎత్తవలసి రావచ్చు. నౌకాదళ అధికారులు ఈ మనుషుల కోసం ఎగబడటానికి ఆ కష్టంలో వచ్చిన చేయితిరుగుడే కారణం.

దారి తెలుసుకోవడం మరో విద్య. 1693లో గ్రీన్‌విల్ కాలిన్స్ బ్రిటన్ తీరపు పటాల సంపుటి అచ్చువేశాడు. కానీ తూర్పు తీరపు ఇసుక తిన్నెలు ఏటా జరుగుతుంటాయి. అందుకే కళాసీ ఎక్కువగా సీసపు గుండును నమ్ముకున్నాడు. తాడుకు కట్టిన ఆ గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో కొవ్వు మెత్తి నీళ్లలోకి వదిలితే లోతు ఎంతో తాడు చెబుతుంది, అడుగున ఉన్నది ఇసుకో, గులకో, గవ్వలో, బురదో కొవ్వుకు అంటుకుని వస్తుంది. రాత్రి పూట పొగమంచులో ఆ ఇసుకను వేళ్లతో నలిపి, ఓడ ఎక్కడుందో చెప్పగలిగినవాడికే అనుభవజ్ఞుడని పేరు.

తిండి ఉప్పు మాంసం, గట్టి బిస్కెట్లు, బఠాణీలు, జున్ను, పలచటి బీరు. తీరం దగ్గరే ప్రయాణం కాబట్టి దూరదేశాల ఓడల కంటే తాజా సరుకు కాస్త ఎక్కువ దొరికేది. వంటకు, వేడికి బొగ్గు కరువు లేదు. కానీ బొగ్గుపొడి తిండిలో, బట్టల్లో, పడకలో, ఊపిరిలో కూడా ఉండేది. తిరుగు ప్రయాణంలో సరుకు చాలావరకు ఉండదు. ఓడ మరీ తేలికై ఒరిగిపోకుండా థేమ్స్ అడుగు నుంచి తవ్విన ఇసుక, కంకర నింపుకుని వచ్చి టైన్ గట్టున పోసేవారు. ఏళ్ల తరబడి పోసిన ఆ మట్టి షీల్డ్స్ దగ్గర గుట్టలుగా పెరిగింది.

దెయ్యం గొంతు

ఈ తీరంలో కళాసీలు బాగా భయపడిన చోటు నార్ఫోక్ తీరం. యార్క్‌షైర్ తీరాన ఫ్లాంబరో కొమ్ము దాటి దక్షిణానికి వచ్చే ఓడ యార్మత్ దగ్గర బయటికి పొడుచుకొచ్చిన నేలను చుట్టి పోవాలి. ఉత్తరపు గాలి బలంగా వీస్తే ఆ మలుపు తిరగలేక వెనక ఉన్న అఖాతంలో చిక్కుకుంటుంది. ముందు ఇసుక తిన్నెలు, వెనక తుఫాను. క్రోమర్ దగ్గరి ఆ అఖాతాన్ని నావికులు ‘దెయ్యం గొంతు’ అని పిలిచేవారని రచయిత డానియల్ డిఫో రాశాడు.

1692 ప్రాంతంలో అక్కడ జరిగిన ఘోరాన్నీ ఆయనే నమోదు చేశాడు. దాదాపు రెండు వందల ఖాళీ బొగ్గు ఓడలు మంచి గాలి చూసుకుని యార్మత్ నుంచి ఉత్తరానికి బయలుదేరాయి. దారిలో గాలి తిరిగి తుఫానైంది. ఎదురుగా వస్తున్న నిండు ఓడలు, ధాన్యం ఓడలు కూడా అదే చోట చిక్కాయి. ఆ ఒక్క రాత్రిలో రెండు వందలకు పైగా ఓడలు, వెయ్యికి పైగా మనుషులు పోయారని ఆయన లెక్క. ఆ తీరపు పల్లెల్లో కొట్టాలు, పశువుల పాకలు, కంచెలు కూడా పగిలిన ఓడల చెక్కతో కట్టినవేనని ఆయన గమనించాడు.

ఒక తరం తర్వాత ఇంకో తరం పోతున్నా దీపస్తంభాలు నత్తనడకన వచ్చాయి. 1789లో నార్ఫోక్ తీరంలో మరో పెను తుఫాను వందలమందిని మింగాక, ఆ తీరంలోని హేజ్‌బరో దగ్గర జంట దీపాలు కట్టారు. 1791 నుంచి అవి వెలిగాయి. వాటి కోసం పట్టుబట్టినవారిలో ముఖ్యుడు హెన్రీ టేలర్. నార్త్ షీల్డ్స్ వాసి, బొగ్గు ఓడల మీదే పెరిగినవాడు. అదే 1789 మార్చిలో టైన్ ముఖద్వారంలో ‘అడ్వెంచర్’ అనే ఓడ ఇసుకలో కూరుకుపోయింది. ఒడ్డున వేలమంది చూస్తుండగానే కళాసీలు ఒక్కొక్కరే అలల్లో పడిపోయారు. ఏ పడవా వెళ్లలేకపోయింది. ఆ దృశ్యం చూసిన సౌత్ షీల్డ్స్ పెద్దలు మునగని పడవకు బహుమతి ప్రకటించారు. అందులోంచే హెన్రీ గ్రేట్‌హెడ్ చేతి మీదుగా 1790లో ప్రాణరక్షక పడవ పుట్టింది.

లండన్ రేవులో

ఓడ థేమ్స్ చేరాక బొగ్గు దింపడం వేరే జట్టు పని. వాపింగ్, షాడ్వెల్ వాడల్లో ఉండే బొగ్గు కూలీలు, వాళ్లలో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చినవారు, ఓడ అడుగు నుంచి సరుకు ఎత్తి చిన్న పడవల్లోకి పోసేవారు. ఆ పనికి మనుషుల్ని కుదిర్చేది బీరు దుకాణాల యజమానులు. పని కావాలంటే వాళ్ల దుకాణంలో తాగాలి, వాళ్ల దగ్గర అప్పు చేయాలి. కూలి డబ్బు చేతికి వచ్చేసరికి సగం అక్కడే చెల్లేది.

దిగిన ప్రతి కొలత బొగ్గు మీదా పన్ను. 1666 అగ్నిప్రమాదం తర్వాత నగరాన్ని తిరిగి కట్టడానికి పార్లమెంటు బొగ్గు మీదే పన్ను వేసింది. సెయింట్ పాల్స్ కేథడ్రల్ గుమ్మటం లేచింది ఆ డబ్బుతోనే. దాన్ని కట్టిన క్రిస్టఫర్ రెన్ పేరు పుస్తకాల్లో ఉంది. ఆ పన్ను పుట్టిన బొగ్గును తెచ్చిన కళాసీలూ ఆ కట్టడంలో భాగస్వాములే.

1768లో తిండి ధరలు మండిపోతున్నప్పుడు ఈ రేవులో రెండు శ్రామిక వర్గాలు ఒకదానితో ఒకటి తలపడ్డాయి. బొగ్గు కూలీలు తమ పొట్టగొడుతున్న దుకాణదారుల మీద తిరగబడి పని మానేశారు. మే నెలలో నావికులు కూడా జీతం పెంచమని తెరచాపలు దించేసి థేమ్స్‌లో ఓడలు కదలనివ్వలేదు. కానీ కొన్ని బొగ్గు ఓడల కళాసీలు తమ సరుకు తామే దించుకోవడం మొదలుపెట్టారు. కూలీలకు అది తమ నోటి దగ్గర కూడు లాక్కోవడమే. కొట్లాటలు జరిగాయి. ఒక నావికుడు హతుడయ్యాడు. జులైలో షాడ్వెల్ దగ్గర ఒక్కరోజే ఏడుగురు బొగ్గు కూలీలను ఉరితీశారు. ఒకే సరుకును మోసి బతికేవాళ్లు ఒకరి మీద ఒకరు కర్రలెత్తుకున్నారు. ధర నిర్ణయించేవాళ్ల జోలికి ఎవరూ పోలేదు.

నౌకాదళానికి నారుమడి

బొగ్గు వర్తకాన్ని ఆనాటి ఇంగ్లండ్ పాలకులు నావికుల నారుమడిగా భావించారు. ఇక్కడ పెరిగిన నారును యుద్ధం వచ్చినప్పుడల్లా పీకి నౌకాదళంలో నాటుకునేవారు. ఆ పీకడం ‘ప్రెస్ గ్యాంగ్’ పని. కర్రలు, కత్తులు పట్టుకున్న ముఠాలు ఓడల మీదికీ, బీరు దుకాణాల్లోకీ చొరబడి దొరికిన నావికుడిని లాక్కుపోయేవి. 1740 చట్టం 18 ఏళ్లలోపువారికి, 55 దాటినవారికి, సముద్రానికి కొత్తగా వచ్చినవారికి మినహాయింపు ఇచ్చింది. శిష్యులకు రక్షణ పత్రాలుండేవి. యుద్ధం ముదిరితే ఆ కాగితాలకు కూడా విలువ ఉండేది కాదు.

అందుకే బొగ్గు ఓడల్లో కుర్రాళ్లు, ముసలివాళ్లు ఎక్కువ కనిపించేవారు. మధ్యవయసు వాళ్లు ఒడ్డు దగ్గరపడగానే చిన్న పడవల్లో దిగి, ఊళ్లకు దూరంగా నడక దారి పట్టేవారు. మనుషులు దొరక్క యుద్ధకాలంలో ప్రయాణానికి ఇచ్చే జీతం రెండుమూడు రెట్లయ్యేది. కానీ అదే కాలంలో డన్‌కర్క్ నుంచి వచ్చే శత్రు ఓడలు తీరం వెంబడి కాచుకుని ఉండేవి. ఎక్కువ జీతం ఎక్కువ ప్రమాదానికి వెల.

1793లో ఫ్రాన్సుతో యుద్ధం మొదలైనప్పుడు నార్త్ షీల్డ్స్ కళాసీలు ప్రెస్ గ్యాంగ్‌నే పట్టుకున్నారు. వాళ్ల కోట్లు తిరగేసి తొడిగి, ఊరి పొలిమేర దాకా నడిపించి, మళ్లీ అడుగుపెడితే ప్రాణాలు దక్కవని హెచ్చరించి పంపారు. ఊరంతా వాళ్ల పక్షానే ఉంది.

జీతం, వృద్ధాప్యం

బొగ్గు ఓడల్లో జీతం నెలకు కాదు, ప్రయాణానికి. గాలి లేక రేవులో కూర్చున్న రోజులకు అదనంగా ఏమీ రాదు. చలి ముదిరిన నెలల్లో ఓడలు కట్టేస్తే ఆ జీతమూ ఆగేది. ఒడ్డున భార్య అప్పులతో ఇల్లు నడపాలి, ఓడ వచ్చాక తీర్చాలి. ఓడ రాకపోతే ఆ అప్పు కూడా ఆమెదే.

1696 చట్టం ప్రకారం వర్తక నావికుడి జీతంలోంచి నెలకు ఆరు పెన్నీలు కోసి గ్రీనిచ్‌లోని నౌకాదళ ఆస్పత్రికి ఇచ్చేవారు. జీవితమంతా బొగ్గు ఓడల్లో గడిపినవాడికి అక్కడ చోటు దొరకడం కష్టం. 1747లో వర్తక నావికుల కోసం మరో ఆరు పెన్నీల నిధి ఏర్పాటైంది. దాని లెక్కల కోసం ప్రతి ఓడలో ఎవరెవరున్నారో జాబితాలు రాయవలసి వచ్చింది. విట్బీలో అలాంటి జాబితాలు ఈనాటికీ ఉన్నాయి. చరిత్ర పట్టించుకోని ఎందరో కళాసీల పేర్లు అలా ఆరు పెన్నీల లెక్కలో మిగిలాయి.

ఇంగ్లండ్‌కు బొగ్గు ఓడ కళాసీ అవసరం రెండు విధాలా ఉంది. నగరానికి వెచ్చదనం, రాజ్యానికి సైన్యం. రెండూ ఇచ్చిన మనిషికి దీపస్తంభం కూడా అడిగితేనే దొరికింది, జీతం కూడా పని ఆపితేనే పెరిగింది. ఆ కాలపు సంపద గురించి రాసే ఏ చరిత్రా ఈ బాకీని లెక్కలో వేయకుండా పూర్తి కాదు.

వచ్చే భాగంలో 1815కు వెళదాం. నెపోలియన్ యుద్ధాలు ముగిసి, నౌకాదళం వదిలేసిన వేలమంది ఒడ్డుకు చేరిన ఏడాది అది. ఓడలో మనుషుల సంఖ్య పెంచాలని టైన్, వేర్ కళాసీలు వారాల తరబడి రేవులను మూయించారు. వాళ్ల మీదికి ప్రభుత్వం సైనికులను పంపింది. ఆ తర్వాత 1852లో జారోలో నీళ్లలోకి దిగిన ఆవిరి ఓడ ‘జాన్ బోవ్స్’ ఏకంగా 650 టన్నుల బొగ్గును కొద్దిరోజుల్లో లండన్ చేర్చింది. తెరచాప కళాసీ బతుకును ఆ ఓడ ఎలా మార్చిందో కూడా అక్కడే చూద్దాం.